కన్యాశుల్కమున ననృతశుల్కము

వివాహవిషయమున బొంకినను దోషము లేదను మాట తెలుఁగునాఁట నెఱుఁగనివారు లేరు. శ్రీమద్భాగవతాష్టమస్కంధమున శుక్రాచార్యుఁడు బలిచక్రవర్తికిఁ జెప్పిన నీతి యది. స్త్రీలయెడను, పరిహాసమునందును, వివాహమునందును, జీవికకొఱకును, ప్రాణసంకటమునందును, గోబ్రాహ్మణరక్షణమునందును, హింసను దప్పించుటయందును ఆడిన యసత్యము నింద్యము గాదని యాతని యుపదేశము. పోతన దానిని దెనిఁగించిన పద్యము బడిపిల్లలకు సైతము కంఠస్థము. మనుస్మృతియందు నష్టమాధ్యాయమున శపథములఁ జెప్పుచోట, స్త్రీలయెడను వివాహాదులయందును జేసిన మిథ్యాశపథము పాతకము గాదని యున్నది. నూఱు కల్లలాడియైన నొక పెండ్లి చేయవలెనను సామెత యీ శాస్త్రమునకు లోకము వ్రాసికొన్న భాష్యము. కావుననే పెండ్లిమాటలయందు వరుని వయస్సు తఱుఁగుటయు, మాన్యములు పెరుఁగుటయు నెవరికిని వింతగాఁ దోఁపదు.

అయిన నా మనువే, యా యష్టమాధ్యాయముననే, వేఱుమాటయుఁ జెప్పియున్నాఁడు. కన్యయందలి దోషమును దెలుపక దానము చేసినవానికి రాజు తొంబదియాఱు పణముల దండము విధింపవలెను. ఒక కన్యను జూపి వేఱొక కన్యను వరున కిచ్చినచో, నా యిరువురను నొక్క శుల్కముననే యాతఁడు వివాహమాడవచ్చును. వివాహమున నసత్యమునకు దోషమే లేకున్న నీ దండమేల, యీ విధియేల? కాఁబట్టి యా మినహాయింపున కొక హద్దు కలదు. ఆ హద్దును శాస్త్రము స్పష్టముగా గీచి చూపలేదు. దానిని వెదకి చూచిన తెలుఁగుకృతులలో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ముఖ్యమైనది.

ఈ నాటకము 1892వ సంవత్సరమున విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చుపడెను. గ్రంథకర్త దానిని మిక్కిలి మార్చి పెంచి 1909లో రెండవకూర్పుగాఁ బ్రకటించెను. ఇప్పుడు లోకమునఁ జదువఁబడునది యీ రెండవకూర్పే. ఇచ్చటి విమర్శయు దానిఁ గూర్చినదే. మొదటికూర్పున కాంగ్లమున వ్రాసిన పీఠికయందు గ్రంథకర్త యొక పట్టికను బేర్కొనెను. విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములలో మూఁడేండ్లలో జరిగిన కన్యాశుల్కవివాహములు లెక్కకు వచ్చినవి 1034. అందు వధువులు అయిదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏఁడాదివారు 3. ఏఁడాది శిశువుల వెల 350 మొదలు 400 రూపాయల దనుక నుండెను. ఆ శిశువులయెడ వరుఁడు సత్యమాడెనా యసత్యమాడెనా యను ప్రశ్నయే పుట్టదు. వినఁగల చెవి యచ్చట లేదు. నాటకమునందలి హాస్యమంతయు నీ లెక్కమీఁద నిలిచియున్నదని మఱవరాదు.

ఈ నాటకముపై నొక యాక్షేపము కలదు. ఇందు గిరీశము బొంకి బుచ్చమ్మను దీసికొనిపోయెను. తుద కాతఁడు భంగపడెను. కరటకశాస్త్రి బొంకి మగపిల్లవానికి ఆఁడువేషము వేసి లుబ్ధావధాన్ల కమ్మెను. మధురవాణి యందులకుఁ దోడుపడెను. వారి కార్యము నెఱవేఱెను; ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరి. ఒకని బొంకు దోషమును, వేఱొకని బొంకు చాతుర్యమును నెట్లగును? గ్రంథకర్త తనకు నచ్చినవారియెడఁ బక్షపాతము చూపెనని యీ పూర్వపక్షము. ఇది తేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు. హాస్యము మాటున నన్యాయము జరిగెనేని యా నాటకము నీతిబోధకమని పాఠశాలలలోఁ జదివించుట తగదు.

మొదట శుక్రనీతియందలి సప్తమి నరయవలెను. వివాహమునందు ననఁగా నేమి? వైయాకరణు లధికరణమును మూఁడువిధములుగా విభజించిరి. చాపమీఁదఁ గూర్చుండుటవంటిది యౌపశ్లేషికము. మోక్షమునందుఁ గోరిక కలుగుటవంటిది వైషయికము. నువ్వులయందు నూనెవంటిది యభివ్యాపకము. అగ్నిహోత్రావధాన్లు మొదలుగా నీ నాటకమునందలి పెద్దలందఱు నభివ్యాపకార్థమునే గ్రహించిరి. నువ్వులందు నూనె నిండినట్లు వారి పెండ్లియం దసత్యము నిండియుండును, పిండినకొలఁదిని వచ్చును.

మఱియొక సప్తమియుఁ గలదు. నిమిత్తమునకు, అనఁగాఁ బ్రయోజనమునకు, క్రియయొక్క కర్మముతో సంబంధమున్నచో నా నిమిత్తవాచకమునకు సప్తమి వచ్చునని వార్తికము. తోలుకొఱకుఁ జిఱుతపులిని జంపుట దీనికిఁ బ్రసిద్ధోదాహరణము. ఈ పక్షమున వివాహమునందు ననఁగా వివాహము చక్కఁగా నెఱవేఱుటకొఱకు ననియర్థము. ఈ యర్థము చెప్పినచో మినహాయింపు కొంత యిఱుకగును. పెండ్లికి మేలు గూర్చు బొంకే క్షమింపఁదగిన దగును. అయిన నిచ్చట నొక చిక్కు కలదు. తోలునకుఁ జిఱుతతో సంబంధము గలదా యని మాత్రమే వ్యాకరణ మడుగును. చిఱుత కందువలన మేలు గలదా యని యడుగదు. గిరీశమును బుచ్చమ్మతోడి పెండ్లికొఱకే బొంకెను. సంబంధమునకు లోపము లేదు. కావున శబ్దశాస్త్ర మిచ్చటి దనుకఁ దెచ్చి విడిచిపెట్టును. తరువాతి త్రోవ నాటకమే చూపవలెను.

వరుఁడను పదము వరణార్థకమైన వృధాతువునుండి పుట్టినది. వరింపఁబడువాఁడు వరుఁడు. వరణ మున్నచోట వరించువారు గూడ నుండవలెను గదా. ఈ నాటకమునందలి కన్యలలో సుబ్బి వరింపలేదు. ఆమెకు వెల గట్టినవాఁడు తండ్రి. బుచ్చమ్మకుఁ దొలిపెండ్లి యట్లే జరిగెను. వరించునది లేనిచోట బొంకు తండ్రి చెవికి వినిపింపఁబడును. వరించునది యున్నచోట నది నేరుగా నామె చెవికే చేరును. ఈ భేదమునుబట్టి యిందలి వరుల నొక్కొక్కరిని బరిశీలింపవలెను.

లుబ్ధావధాన్లు వరులలో వృద్ధుఁడు. విచిత్ర మేమన, మాటలయం దాతఁడు పెద్ద బొంకులాడువాఁడు గాఁడు. తన ముసలితన మందఱి కెదుటనే యున్నది. ఆతఁడు కొనఁదలఁచెను, కొనఁదలఁచినట్లే చెప్పెను, తక్కువవెలకు వేఱొక పిల్ల దొరకునని తెలియఁగానే సుబ్బిని విడిచి యటు మొగ్గెను. అంగడియం దుండవలసిన ఋజుత్వ మాతనియందుఁ గలదు. పెండ్లిని అంగడిగాఁ జేయుటయే యాతని దోషము. కన్యాపిత యణుమాత్రమైనను శుల్కము గ్రహింపరాదనియు, లోభమునఁ గొన్నచో సంతానవిక్రయి యగుననియు మనువు శాసించెను. ఈ దోషము నిజము చెప్పినంతమాత్రమునఁ బోవునది గాదు. సత్యవచన మొక్కటియే వరునకుఁ జాలినచో లుబ్ధావధాన్లు మంచివరుఁ డగును. అట్లు గాఁడని యెల్లరకుఁ దోఁచుటయే, యిచ్చటి ప్రశ్న కేవలము మాటల సత్యాసత్యములతోఁ దీఱదనుటకు సాక్ష్యము.

రామప్పంతులు రెండవవాఁడు. లుబ్ధావధాన్ల కూఁతురును విధవయు నగు మీనాక్షికిఁ బెండ్లియాసఁ జూపి, మాట నిలుపుకొనవలసిన ఘడియ వచ్చినప్పుడు తప్పించుకొనెను. స్త్రీలయెడ మిథ్యాశపథము పాతకము గాదను వచనమును గొందఱు తేలికగాఁ బలుకుదురు. దాని ఫలము మీనాక్షియందుఁ జూడవచ్చును. రామప్పంతులు మాట తప్పినందువలన నాతని కేమియుఁ బోలేదు. ఇల్లు, మానము, నమ్మకము పోయినది మీనాక్షికి.

గిరీశము వీరిరువురికంటె నేర్పరి. ఆతని నేర్పు బొంకుటయందుఁ గాదు, నిజమును వాడుకొనుటయం దున్నది. ఈ సంగతి సాధారణముగా గమనింపఁబడుట లేదు. విధవావివాహము శాస్త్రసమ్మతమని యాతఁడు బుచ్చమ్మకు బోధించెను. ఈ మాట కల్ల గాదు. ఈశ్వరచంద్రవిద్యాసాగరులు పరాశరస్మృతి నాధారముగాఁ గొని దానిని స్థాపించిరి. 1856లోఁ బునర్వివాహము చట్టసమ్మత మయ్యెను. 1881 డిసెంబరు 11వ తేదిని గందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమునఁ దొలి వితంతువివాహము జరిపించిరి. బాల్యమున ముసలివాని కమ్ముడుపోయి విధవయైన పిల్ల మరల సుఖముగా బ్రదుకవచ్చు ననుట న్యాయమైన మాట. గిరీశ మాడిన ప్రతివాక్యమును విడిగాఁ దీసి పరీక్షించినచో నందుఁ బెక్కులు నిలుచును. వాక్యములు నిలుచును గాని వక్త నిలువఁడు.

దీనికి నిదర్శనము ప్రథమాంకముననే యున్నది. విజయనగరమున నాతని కన్నము పెట్టిన పూఁటకూళ్ళమ్మయు విధవయే. ఆమె యింటఁ దినెను. సరకులకని యామె యిచ్చిన సొమ్మును మధురవాణికై వ్యయపఱచెను. చీపురుకట్టకు వెఱచి మంచముక్రింద దాఁగెను. అంతకాలమునను ఆమెతో విధవావివాహధర్మమును బ్రస్తావించినట్లు నాటకమునఁ గనఁబడదు. ధర్మము నమ్మినవాని కది మొదటియింటనే జ్ఞప్తికి రావలసియుండెను. అప్పులవారి బాధనుండి తప్పించుకొని కృష్ణరాయపురాగ్రహారము చేరి, రూపవతియగు బాలవిధవను జూచిన తరువాతనే గిరీశమున కది ప్రకాశించెను. కారకములు వక్తయొక్క వివక్షనుబట్టి యుండునని శాబ్దికుల మతము. గిరీశముయొక్క వాక్యములందు శబ్దము సాధువు, అర్థము సాధువు. వివక్ష యొక్కటియే యసాధువు. వ్యాకరణమునఁ దప్పు పట్టరాని బొంకు కంటె నపాయకరమైనది లేదు.

ఆతని యాంగ్లభాషయు నిట్టిదే. వెంకటేశమునకు నింగ్లీషు వచ్చినదని తల్లికిఁ జూపుటకు గురుశిష్యు లిరువురు పసిపిల్లల పాఠములలోని యాంగ్లపద్యపాదములను సంభాషణమువలెఁ బలుకుదురు. తల్లి మురిసిపోవును. ఇచ్చట నొక్క శబ్దమైన నపభ్రంశము గాదు. అర్థమునకును సందర్భమునకును మాత్రము సంబంధము లేదు. వినువారు నవ్వుదురు. అయినఁ బిమ్మట బుచ్చమ్మయెదుట జరుగునది యీ విద్యయే. అచ్చటఁ బలుకఁబడినవి పద్యపాదములు గావు, సంఘసంస్కారవాక్యములు. వినునది యొక యన్నెముపున్నె మెఱుఁగని బాలిక. మొదటి నవ్వు రెండవదానికి హెచ్చరికగాఁ గూర్పఁబడినది.

ఇఁక గరటకశాస్త్రి. ఆతఁడు వరుఁడు గాఁడు, వధువునకు మేనమామ. చెల్లెలు కూఁతుసంబంధమునకు నొల్లక నూఁతఁ బడినప్పుడు, దానిని దప్పించెదనని మాట యిచ్చి శిష్యుని గన్యగా నలంకరించెను. సంస్కృతనాటకముల నెఱిఁగినవారికి భవభూతి మాలతీమాధవము తలఁపునకు రాక మానదు. అచ్చటను రాజున కిష్టుఁడగు నందనునకు మాలతి నీయ నిశ్చయింపఁగా, మకరందుఁడు మాలతీవేషముతోఁ బెండ్లిపీఁటపైఁ గూర్చుండెను. ప్రకరణలక్షణమునుబట్టి చూచినను రెండింటికిఁ జుట్టఱికము గలదు. కల్పితేతివృత్తము, కులస్త్రీయు గణికయు నుండుట, ధూర్తజనసంకులత్వము, ఏడంకములు — ఇవన్నియుఁ గన్యాశుల్కమున సంకీర్ణప్రకరణమునకు నమరును. విదూషకవేషమున నాఱితేఱిన కరటకశాస్త్రి కీ యుపాయము తోఁచుట పాత్రోచితము.

రెండింటికిఁ గల భేదమే ప్రకృతమునకు ముఖ్యము. భవభూతియందు నందనుఁడు మోసపోయిన తరువాత నాతనిఁ గూర్చి యెవ్వరును దిగులుపడరు. మాధవమకరందుల పరాక్రమమునకు మెచ్చి రాజు సర్వము క్షమించును. ఆ లోకమున మారువేషమునకు వెల లేదు. అప్పారావుగారి లోకమున నున్నది. మాయపెండ్లికూఁతురు రాత్రివేళ మాయమయ్యెను. ఆమెను లుబ్ధావధాన్లు చంపెనని నిందవచ్చెను. కన్యను గొనఁజూచిన లోభి శిక్షార్హుఁడే. కాని యాతఁడు హంతకుఁడు గాఁడు. సుబ్బిని రక్షించిన బొంకు నిరపరాధి మెడకుఁ జుట్టుకొనెను. గ్రంథకర్త పక్షపాతియే యైనచో మారువేష మూడినచోటనే చప్పట్లు కొట్టించి తెఱ దింపియుండును. ఆతఁ డట్లు చేయలేదు. నాటకమును విశాఖపట్టణమునకు నడిపించి, యా బొంకునకు లెక్క యొప్పఁజెప్పించెను.

శుల్కమను మాటకుఁ గన్యవెల యను నర్థ మొక్కటియే కాదు. సరకు చేయిమాఱునప్పుడు రేవునఁ జెల్లింపవలసిన సుంకమును శుల్కమే. పాణిని తద్ధితప్రకరణమున వృద్ధి, ఆయము, లాభములతోఁ గూడ దీనిని జెప్పెను. ఈ నాటకమునఁ గన్య కెంత వెల యను ప్రశ్న పైపైఁ దేలుచుండును. దానిక్రింద వేఱొక ప్రశ్న నడచుచుండును: బొంకునకు సుంక మెవ్వరు చెల్లించిరి? ఈ ప్రశ్న వేసికొన్నచోఁ బూర్వపక్షము తీఱును.

కరటకశాస్త్రి బొంకునకు సుంకము చెల్లించినది మధురవాణి. ఆమె పురుషవేషముతో సౌజన్యారావుపంతులుగారి యింటికిఁ బోయి, మాయమైన పెండ్లికూఁతురు మగపిల్లవాఁడను నిజమును దెలిపెను. తెలుపుటకు ముందు ముద్దును వెలగా నడిగెను. వేశ్యను దాఁకరాదను వ్రతముగల యా సత్పురుషుఁడు నిరపరాధి ప్రాణముకొఱకుఁ దన వ్రతమును భంగపఱచుకొన సిద్ధపడెను. అప్పు డామెయే వారించెను. చెడనివానిఁ జెఱుపరాదను తల్లిబోధను దలఁచికొనెను. ఈ రంగమున నిరువురును వెల చెల్లింప ముందునకు వచ్చినవారే. ఆయన వ్రతమును దెచ్చెను. ఆమె యడిగిన వెలను దానే మాపుకొని, తన వేషమును దీసి, తా నెవ్వరో చెప్పి, యాయన గౌరవమునందుఁ దనకున్న కొంచెపుచోటును బోఁగొట్టుకొనుటకు వెఱవలేదు. నాటకమంతయుఁ గల్లలాడుటయే వృత్తిగాఁ గల స్త్రీ నష్టము కలుగుచోట నిజమాడెను. నిజమే వృత్తిగాఁ జెప్పుకొన్న గిరీశము లాభము కలుగుచోట మాత్రమే నిజమాడెను.

సౌజన్యారావుపంతులు సత్యసంధుఁడు. అయినను గిరీశము తన్ను వేశ్యావిరోధినని చెప్పుకొనఁగా నమ్మి, విధవావివాహము చేయింప నుద్యుక్తుఁడయ్యెను. సత్యమాడువాఁ డితరుల మాటలను దన మాటలతోఁ దూఁచును, అందుచే మోసపోవును. ఇది నిందింపఁదగిన దోషము గాకున్నను వివాహము జరిపించువారి కుండరాని లోపము. సంస్కారమునందు నమ్మకము గలుగుటయు, సంస్కర్తనని వచ్చినవాని పూర్వవృత్తము నడుగుటయు రెండును గావలెను. ఆ యడుగవలసిన ప్రశ్న నాయనకు బదులుగా మధురవాణి ముఖమే యడిగెను. గిరీశము బయలుపడెను. ఆతఁడు విసుగుకొని తిట్టుకొనునే కాని పశ్చాత్తాపపడఁడు. ఎందుకన, నాతని కేమియుఁ బోలేదు; రావలసినది మాత్రము రాలేదు.

పూర్వపక్ష మిట్లు తీఱినను వేఱొక ఋణము మిగిలియున్నది. గిరీశముయొక్క బొంకునకు సుంకము చెల్లించినది బుచ్చమ్మ. నాటకమున వరించినది యామె యొక్కతెయే. ఆ వరణము తప్పుడెఱుకపై నిలిచినదగుటచే దానిని ద్రోసివేయుట న్యాయమే. ఆమెను బూనాలోని వితంతుశరణాలయమునకుఁ బంప నిశ్చయింపఁబడెను. ఆ నగరమున ధోండో కేశవ కర్వేగారు 1896లో నట్టి యాశ్రమమును స్థాపించియుండుటచే నది యానాఁటికిఁ దగిన యేర్పాటే. కాని నిజము సౌజన్యారావునకుఁ దెలిసెను, ప్రేక్షకులకుఁ దెలిసెను. బుచ్చమ్మ కెవ్వరైనఁ దెలిపి, యిప్పుడు నీ యిష్టమేమని యడిగినట్లు నాటకమునఁ గనఁబడదు. తండ్రి యామె నడుగక యమ్మెను. గిరీశ మడిగినట్లు నటించి తీసికొనిపోయెను. సత్పురుషుఁ డడుగకయే రక్షించెను. ఇది గ్రంథకర్త మఱపో, లేక సంస్కర్తలయందుఁ దాఁ జూచిన లోపమును జూపిన విధమో నిర్ణయింపరాదు. ఎట్లైనను బొంకులో నెల్లరికంటెఁ దక్కువ భాగముగలది వెలలో నెల్లరికంటె నెక్కువ భాగము చెల్లించెను. ఇదియే యీ హాస్యనాటకమునం దడుగునఁ బాఱు శోకము.

కావున శుక్రనీతియందలి హద్దును నాటక మీవిధముగాఁ జూపినదని చెప్పఁదగును. వివాహమున నసత్యము క్షమార్హమా కాదా యనుటకుఁ గార్యము నెఱవేఱుట గాని, యుద్దేశము మంచిదగుట గాని చాలదు. బొంకినవారు దాని సుంకమును దామే చెల్లింప సిద్ధముగా నున్నారా, లేక యెదుటివారి తలపై నెత్తుదురా యని చూడవలెను. మీనాక్షితలపై నెత్తిన రామప్పంతులును, బుచ్చమ్మతలపై నెత్తిన గిరీశమును నా మినహాయింపునకు వెలిగానుందురు. కరటకశాస్త్రి సగము వెలిగా నున్నాఁడు. ఆతని ఋణమును దీర్చిన మధురవాణి లోపల నున్నది. పాఠశాలలలో శుక్రుని పద్యమును వల్లెవేయించు పండితులు దాని తరువాతి కథను గూడ విద్యార్థులకు జ్ఞప్తి చేయుట మంచిది. ఆ నీతిని విన్న బలి దాని నంగీకరింపలేదు. ఆడినమాటకు వెలగా రాజ్యమును నిచ్చెను. ఆ వెలను మఱియొకరిచేఁ జెల్లింపింపలేదు.